శాన్‌ఫ్రాన్సిస్కోలో తెలుగువాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు: రీకాల్ సంతకాల నుంచి హోటల్ బిల్లు దాకా

ఈ ఊరికి కొత్తగా మారిన మనవాళ్ళు అడిగేవి దాదాపు ఒకేలా ఉంటాయి. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకంటే ఒకచోట రాస్తే నయం కదా అని ఇది మొదలుపెట్టాను. ఇందులో నిజాలూ ఉన్నాయి, నా అభిప్రాయాలూ ఉన్నాయి, ఏది ఏదో చదువుతుంటే మీకే తెలిసిపోతుంది. నా బాధ ఒకటే. వీసా గురించి, హైదరాబాద్ రాజకీయాల గురించి, ఇక్కడి అధ్యక్షుడి గురించి మనం గంటల తరబడి మాట్లాడుకుంటాం. మనం ఉండే వీధి ఏ డిస్ట్రిక్ట్ కిందికి వస్తుందో, దాని సూపర్‌వైజర్ (మన కార్పొరేటర్ లాంటి మనిషి) ఎవరో అడిగితే మాత్రం నోరు పెగలదు. రోజూ మన మీద ప్రభావం చూపించేది ఆ మనిషే.

శాన్‌ఫ్రాన్సిస్కో అంటే బే ఏరియా మొత్తం కాదా?

కాదు. ఇంటికి ఫోన్ చేసి "శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉన్నాం" అని చెప్పేవాళ్ళలో చాలామంది నిజానికి ఫ్రీమాంట్‌లోనో సన్నీవేల్‌లోనో ఉంటారు, అవన్నీ వేరే ఊళ్ళు, వేరే కౌంటీలు, వేరే మేయర్లు. అసలు ఊరు అటు ఏడు మైళ్ళు ఇటు ఏడు మైళ్ళు, జనం ఎనిమిది లక్షల పైన. కాలిఫోర్నియాలో ఊరూ కౌంటీ కలిసి ఒకే పాలన కింద ఉన్నది ఇక్కడ మాత్రమే. అందుకే ఇక్కడ సిటీ కౌన్సిల్ ఉండదు, బోర్డ్ ఆఫ్ సూపర్‌వైజర్స్ ఉంటుంది. ఊరిని 11 డిస్ట్రిక్టులుగా విడగొట్టి ఒక్కోదానికి ఒక సూపర్‌వైజర్‌ని ఎన్నుకుంటారు. మేయర్‌ని, డిస్ట్రిక్ట్ అటార్నీని (నేరాల కేసులు నడిపే సర్కారీ లాయర్), షెరీఫ్‌ని, ఏడుగురు సభ్యుల స్కూల్ బోర్డునీ కూడా నేరుగా జనమే ఎన్నుకుంటారు. మేయర్ కుర్చీలో 2025 జనవరి నుంచి డేనియల్ లూరీ ఉన్నారు.

సూపర్‌మార్కెట్ బయట అట్ట పట్టుకుని సంతకం పెట్టమంటున్నారు. రీకాల్ అంటే ఏంటి?

ఎన్నికైన మనిషిని పదవీకాలం పూర్తవకముందే ఓటర్లు ఇంటికి పంపడం. కాలిఫోర్నియా రాష్ట్రం ఈ హక్కుని 1911లో తన రాజ్యాంగంలో రాసుకుంది, శాన్‌ఫ్రాన్సిస్కో అంతకు నాలుగేళ్ళ ముందే తన చార్టర్‌లో, అంటే ఊరి సొంత రాజ్యాంగంలో, పెట్టుకుంది. ఆ రోజుల్లో రైల్వే కంపెనీలు, వాటి చేతిలో కీలుబొమ్మలైన నాయకులు రాష్ట్రాన్ని ఏలుతున్నారన్న కోపం జనంలో బాగా ఉండేది, అందులోంచి పుట్టిన సంస్కరణ ఇది.

ఈ ఊళ్ళో నియమం సులువే. పదవిలోకి వచ్చి ఆరు నెలలు దాటాలి. ఊరంతా ఓటేసే పదవైతే నమోదైన ఓటర్లలో 10 శాతం మంది, డిస్ట్రిక్ట్ సూపర్‌వైజర్ అయితే ఆ డిస్ట్రిక్ట్ ఓటర్లలో 20 శాతం మంది సంతకాలు గడువులోపు రావాలి. ఎలక్షన్ ఆఫీసు వాళ్ళు ఆ సంతకాలను పరిశీలించి సరిపోయాయంటే ఎన్నిక పెడతారు. బ్యాలెట్ మీద ఒక్కటే ప్రశ్న, ఈ మనిషిని తీసేయాలా వద్దా. సగం కన్నా ఒక్క ఓటు ఎక్కువొచ్చినా దిగిపోవాల్సిందే. ఆ ఖాళీలో ఎవరు కూర్చోవాలో మాత్రం ఓటర్లు తేల్చరు, మేయర్ నియమిస్తారు. ఈ చివరి సంగతి చాలామంది పట్టించుకోరు, అసలు తలనొప్పంతా అక్కడే ఉందని నా ఉద్దేశం, కింద చెప్తాను.

ఒక మాట. ఆ అట్ట పట్టుకుని నిలబడ్డ మనిషి కార్యకర్తే అయ్యుండక్కర్లేదు, సంతకానికి ఇంత అని డబ్బు తీసుకుని పనిచేసేవాళ్ళు చాలామంది ఉంటారు. అది చట్టబద్ధమే. వాళ్ళు నోటితో చెప్పేది వదిలేసి కాగితం మీద ఉన్నది చదవండి. మీరు నమోదైన ఓటరు కాకపోతే సంతకం అస్సలు పెట్టకండి, ఎంత బతిమాలినా సరే.

ఇంతకీ ఈ ఊళ్ళో ఎవర్నైనా నిజంగా దించారా?

దించారు. అంతకుముందు ఒకసారి దించబోయి చతికిలపడ్డారు కూడా. 1983లో డయాన్ ఫైన్‌స్టైన్ మేయర్‌గా ఉన్నప్పుడు చేతి తుపాకులను నిషేధించబోయారని వైట్ పాంథర్స్ అనే చిన్న బృందం సంతకాలు పోగుచేసింది. ఎన్నిక పెడితే 80 శాతం పైగా ఓట్లు ఆవిడకే పడ్డాయి, అదే ఏడాది మామూలు ఎన్నికలోనూ సునాయాసంగా గెలిచారు. ఆ తర్వాత దాదాపు నలభై ఏళ్ళు ఊళ్ళో ఒక్క రీకాల్ కూడా బ్యాలెట్ దాకా రాలేదు.

2022 ఫిబ్రవరి 15న ఆ మౌనం బద్దలైంది. స్కూల్ బోర్డులో గాబ్రియేలా లోపెజ్, ఆలిసన్ కాలిన్స్, ఫాఊగా మొలీగా, ఈ ముగ్గుర్నీ ఒకేరోజు తీసేశారు, ముగ్గురి మీదా మూడింట రెండొంతుల కన్నా ఎక్కువ ఓట్లు పడ్డాయి. కోవిడ్ వచ్చి చాలామంది పిల్లలు ఏడాదికి పైగా ల్యాప్‌టాప్ ముందే కూర్చుని ఉంటే, ఎప్పుడు తెరుస్తారో చెప్పాల్సిన బోర్డు 44 బళ్ళకి పేర్లు మార్చే పనిలో పడింది, ఆ జాబితాలో వాషింగ్టన్, లింకన్ పేర్లూ ఉన్నాయి. దానికితోడు మార్కులు చూసి చేర్చుకునే లోవెల్ హైస్కూల్‌ని లాటరీ పద్ధతిలోకి మార్చారు, పిల్లల చదువు కోసం ప్రాణం పెట్టే చైనీస్ కుటుంబాలు దాంతో భగ్గుమన్నాయి. కాలిన్స్ ఎప్పుడో 2016లో ఆసియన్ల గురించి పెట్టిన ట్వీట్లు బయటపడి మంటకి ఆజ్యం పోశాయి. ఆ రీకాల్ మొదలుపెట్టిన ఇద్దరు తల్లిదండ్రుల్లో ఒకాయన ఇండియా నుంచి వచ్చిన టెక్ ఉద్యోగి. మనవాళ్ళు ఎప్పుడూ పక్కన నిలబడి చూసేవాళ్ళే అనుకుంటాం కదా, ఆయన అలా చూస్తూ కూర్చోలేదు.

అదే ఏడాది జూన్ 7న డిస్ట్రిక్ట్ అటార్నీ చెసా బూడిన్‌ని 55 శాతం ఓట్లతో దించారు. జైళ్ళు తగ్గించాలి, చిన్న నేరాలకి వేరే దారులు చూడాలి అని 2019లో గెలిచిన మనిషి ఆయన. కోవిడ్ రోజుల్లో కార్ల అద్దాలు పగలడం, షాపుల్లో దొంగతనాలు, ఆసియన్ పెద్దవాళ్ళ మీద దాడులు, అన్నీ కలిసి ఆయన మెడకి చుట్టుకున్నాయి. ఇందులో డబ్బు పాత్ర చాలా పెద్దది, దించాలన్న పక్షం ఖర్చు ఉంచాలన్న పక్షానికి రెట్టింపు కన్నా ఎక్కువ. ఆయన స్థానంలో బ్రూక్ జెంకిన్స్‌ని అప్పటి మేయర్ లండన్ బ్రీడ్ నియమించారు.

బే దాటి అవతల ఓక్‌లాండ్‌లో 2024 నవంబరులో మేయర్ షెంగ్ థావోని తీసేశారు, అదేరోజు ఆలమీడా కౌంటీ డిస్ట్రిక్ట్ అటార్నీ పమేలా ప్రైస్‌ కూడా పదవి పోగొట్టుకున్నారు.

సముద్రం ఒడ్డున రోడ్డు మూసినందుకు ఒక సూపర్‌వైజర్ పదవి పోయిందట, నిజమేనా?

నిజమే. ఊరికి పడమటి అంచున, పసిఫిక్ ఒడ్డునే అప్పర్ గ్రేట్ హైవే అని రెండు మైళ్ళ రోడ్డు ఉండేది. కోవిడ్‌లో కార్లు ఆపేసి జనం నడవడానికి వదిలారు, ఆ తర్వాత శని ఆదివారాలు మాత్రం మూసేవాళ్ళు. దాన్ని శాశ్వతంగా మూసి పార్కు చేయాలని 2024 నవంబరులో ప్రాపొజిషన్ కె పెట్టారు (ప్రాపొజిషన్ అంటే ఓటర్లు నేరుగా అవునో కాదో తేల్చే ప్రతిపాదన). ఊరు మొత్తం మీద అది 54 శాతం పైగా ఓట్లతో నెగ్గింది. రోడ్డు పక్కనే ఉండే సన్‌సెట్ ప్రాంతం మాత్రం పెద్ద ఎత్తున వద్దంది. ఆ ప్రతిపాదనని బ్యాలెట్ మీదికి తెచ్చినవాళ్ళలో సన్‌సెట్ సూపర్‌వైజర్ జోయెల్ ఎంగార్డియో కూడా ఉన్నారు. "మమ్మల్ని ఒక్క మాట అడక్కుండా మా రోడ్డు మూయించాడు" అన్న కోపం రాజుకుంది. 2025 ఏప్రిల్‌లో సన్‌సెట్ డ్యూన్స్ పార్కు తెరిచారు, సెప్టెంబరు 16న డిస్ట్రిక్ట్ ఓటర్లు 60 శాతం పైగా ఓట్లతో ఆయన్ని దించేశారు. 2022లో స్కూల్ బోర్డు రీకాల్‌నీ, బూడిన్ రీకాల్‌నీ గట్టిగా సమర్థించిన మనిషి ఆయన.

దించాక ఏమైంది? రోడ్డు తిరిగి తెరుచుకోలేదు, పార్కు పార్కులాగే ఉంది. మేయర్ లూరీ నవంబరులో ఒకావిడని నియమిస్తే, ఆవిడ నడిపిన పాత షాపు సంగతులు బయటికొచ్చి వారం రోజులకే రాజీనామా చేశారు. డిసెంబరులో అలన్ వాంగ్‌ని నియమించారు. ఎంగార్డియో కుర్చీ దిగినప్పటి నుంచి డిసెంబరు దాకా సన్‌సెట్‌లో గుంతలు పడ్డ రోడ్డు గురించి, రాని బస్సు గురించి సిటీ హాల్‌లో అడగడానికి జనానికి సొంత మనిషంటూ సరిగ్గా లేడు.

అయితే రీకాల్ మంచిదా చెడ్డదా? మీ అభిప్రాయం చెప్పండి.

హక్కు ఉండాలి, అందులో నాకు సందేహం లేదు. ఎన్నికైన మనిషి తన పని మానేస్తే, పదవిని అడ్డం పెట్టుకుని తప్పుడు పనులు చేస్తే నాలుగేళ్ళు పళ్ళు బిగబట్టి కూర్చోమనడం న్యాయం కాదు. స్కూల్ బోర్డు విషయంలో జనం చేసింది సరైనదే అనుకుంటాను, బడి తెరవడమే ఆ బోర్డు మొదటి పని, దాన్ని పక్కన పెట్టారు.

ఎంగార్డియో విషయంలో మాత్రం నాకు మనసొప్పలేదు. 2026 నవంబరులో ఆయన ఎలాగూ మళ్ళీ ఓటర్ల ముందుకు రావాల్సిందే, పద్నాలుగు నెలలు ఆగితే సరిపోయేది. ఒక విధానం నచ్చకపోతే వచ్చే ఎన్నికలో ఓడించండి. ప్రతి అసమ్మతికీ ప్రత్యేక ఎన్నిక పెడితే రేపు ఎవరూ ధైర్యం చేసి ఏ నిర్ణయమూ తీసుకోరు, సంతకాలు పోగుచేయించే స్తోమత ఉన్నవాళ్ళకి భయపడుతూ బతుకుతారు. సన్‌సెట్ వాళ్ళ కోపం దొంగ కోపం అని నేను అనను. ఆ రోడ్డు మీద రోజూ పనికెళ్ళే మనిషికి లింకన్ వే మీదా సన్‌సెట్ బొలెవార్డ్ మీదా అదనంగా పోయే సమయం నిజమైనదే, అడక్కుండా చేశారన్న బాధా నిజమైనదే. దానికి మందు మాత్రం ఇది కాదని నా మాట.

2022 జూన్‌లో ప్రాపొజిషన్ సి అని ఒకటి పెట్టారు. పదవిలో మొదటి ఏడాది, చివరి ఏడాది రీకాల్ కుదరదని, మేయర్ నియమించిన మనిషి తర్వాతి ఎన్నికలో పోటీ చేయకూడదని అందులో ఉంది. ఓటర్లు దాన్ని తిప్పికొట్టారు. కనీసం ఆ చివరి ఏడాది నియమమైనా ఉంటే బాగుండేది.

మన దగ్గర కార్పొరేటర్‌నో ఎమ్మెల్యేనో ఇలా దించే వీలు ఎందుకు లేదు?

ఎంపీ, ఎమ్మెల్యేలకి దేశంలో ఎక్కడా లేదు. మున్సిపాలిటీల్లో కొన్ని రాష్ట్రాలు పెట్టుకున్నాయి. మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్‌లో మున్సిపల్ అధ్యక్షుడి మీద ముందు కౌన్సిలర్లలో నాలుగింట మూడొంతుల మంది కదలాలి, తర్వాత జనం ఓటేస్తారు. బ్యాలెట్ మీద ఒక గుర్తు ఖాళీ కుర్చీ, ఇంకోటి మనిషి కూర్చున్న కుర్చీ, చదువురాని వాళ్ళకి కూడా ఒక్క చూపులో అర్థమవుతుంది. 2008లో ఛత్తీస్‌గఢ్‌లో ముగ్గురు అధ్యక్షులు ఇలా దిగిపోయారు.

మన రెండు రాష్ట్రాల నగరాల్లో మేయర్‌ని దించేది కార్పొరేటర్లు, అవిశ్వాస తీర్మానంతో. 2025 ఏప్రిల్‌లో విశాఖ మేయర్‌ని అలాగే దించారు, నాలుగేళ్ళు నిండగానే. అందులో ఓటరు చేసేదేమీ ఉండదు, కార్పొరేటర్లు ఏ పార్టీలోకి మారారు, ఎవర్ని ఏ క్యాంపుకి తీసుకెళ్ళారు అన్నది టీవీలో చూస్తూ కూర్చోవడమే. అది చూసి చూసి వచ్చినవాడిగా చెప్తున్నాను, ఇక్కడి రీకాల్‌లో ఎన్ని లోపాలున్నా ఆఖరి మాట వీధిలో ఉండేవాడిది.

నేను హెచ్-1బి మీద ఉన్నాను. ఓటు లేదు. మరి ఇదంతా నాకెందుకు?

పన్ను కడుతున్నారు, అద్దె కడుతున్నారు, మీ పిల్లలు ఇక్కడి బళ్ళో చదువుతున్నారు, ఇంకేం కావాలి? ఓటు లేకపోయినా మీరు చేయగలిగినవి ఉన్నాయి, చేయకూడనివీ ఉన్నాయి. రెండోవాటి సంగతి ముందు చెప్తాను.

ఎన్నికల్లో ఏ అభ్యర్థికీ, ఏ ప్రచారానికీ డబ్బు ఇవ్వకండి. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళు ఇవ్వచ్చు, హెచ్-1బి వాళ్ళు ఇవ్వకూడదు, ఊరి ఎన్నికలకీ ఈ ఫెడరల్ చట్టం వర్తిస్తుంది. డీఎంవీలోనో (డ్రైవింగ్ లైసెన్సులిచ్చే ఆఫీసు) ఇంకెక్కడైనానో "సిటిజన్‌నా" అని ఉన్నచోట పొరపాటున కూడా టిక్ పెట్టకండి. సరదా విషయం కాదిది, మీ గ్రీన్‌కార్డు, సిటిజన్‌షిప్ అన్నీ దాంతో ఆగిపోవచ్చు.

ఇక ఈ ఊళ్ళో ఒక ప్రత్యేకత ఉంది. పౌరసత్వం లేకపోయినా, ఊళ్ళో ఉంటూ 19 ఏళ్ళలోపు పిల్లలున్న తల్లిదండ్రులు స్కూల్ బోర్డు ఎన్నికల్లో ఓటేయొచ్చు. 2016లో ప్రాపొజిషన్ ఎన్ ద్వారా వచ్చింది, 2018 నుంచి అమల్లో ఉంది, మధ్యలో కోర్టు కొట్టేస్తే 2023లో అప్పీల్ కోర్టు నిలబెట్టింది. దీనికి ఫారమ్ వేరే ఉంటుంది. కానీ ఇమిగ్రేషన్ వాళ్ళు ఈ వివరాలు చూసే వీలుందని సిటీయే హెచ్చరిస్తుంది, రేపు సిటిజన్‌షిప్ దరఖాస్తులో "ఎప్పుడైనా ఏ ఎన్నికలోనైనా ఓటేశారా" అని అడుగుతారు కూడా. కాబట్టి లాయర్‌తో మాట్లాడకుండా ఆ ఫారమ్ ముట్టుకోకండి. హక్కు ఉండీ ఇంత టెన్షన్ పడాల్సి రావడం నాకు నచ్చదు, అయినా ఉన్నమాట చెప్పాలి కదా.

చేయగలిగిన వాటిలో అన్నిటికన్నా తేలికైనది నోరు విప్పడం. సిటీ హాల్‌లో రెండో అంతస్తు, గది 250, మంగళవారం మధ్యాహ్నం రెండు గంటలకి సూపర్‌వైజర్ల సమావేశం. పబ్లిక్ కామెంట్ అని ఉంటుంది, ఎవరైనా వరసలో నిలబడి మాట్లాడొచ్చు, పేరు చెప్పడం కూడా తప్పనిసరి కాదు, వీసా ఏంటని ఎవరూ అడగరు. మామూలుగా రెండు నిమిషాలిస్తారు. ముప్పై సెకన్లు మిగలగానే చిన్న గంట మోగుతుంది, చాలామంది అది వినగానే కంగారుపడి అసలు విషయం మింగేస్తారు, అందుకని మీ వీధి పేరూ మీకు కావలసిందీ మొదటి రెండు వాక్యాల్లోనే చెప్పేయండి. నేను చూసినంతలో ఆ వరసలో తెలుగు మొహం కనపడటం అరుదు. మన అసోసియేషన్ ఫంక్షన్లకి వందలమంది వస్తారు, దాంట్లో పదిమంది ఒక్క మంగళవారం ఇటు వచ్చినా తేడా తెలుస్తుంది.

ఊరు పాడైపోయిందని వీడియోల్లో చూపిస్తున్నారు. పెళ్ళాం పిల్లలతో ఉండొచ్చా?

ఉండొచ్చు, ఉంటున్నాం. టెండర్‌లాయిన్‌లో, సివిక్ సెంటర్ చుట్టుపక్కల కొన్ని వీధుల్లో మీరు చూసేది నిజమే, పేవ్‌మెంట్ మీద ఫెంటనిల్ అనే మత్తుమందుతో నడుం వంగిపోయి నిలబడ్డ మనుషులు, గుడారాలు. ఆ మనుషుల్ని చూస్తే భయం కన్నా బాధ ఎక్కువ వేస్తుంది. కానీ వీడియో తీసేవాళ్ళు ఆ నాలుగు వీధులే తీస్తారు. రిచ్‌మండ్‌లో, సన్‌సెట్‌లో, నోయ్ వ్యాలీలో, బెర్నల్ హైట్స్‌లో సాయంత్రం పిల్లల్ని పార్కుకి తీసుకెళ్ళి హాయిగా తిరిగి రావచ్చు.

కార్ల అద్దాలు పగలగొట్టడం 2023 తర్వాత బాగా తగ్గింది. అయినా సీటు మీద బ్యాగు కాదు కదా, ఖాళీ కవరు కూడా వదలకండి. ఇండియా నుంచి అమ్మానాన్న వచ్చినప్పుడు పాస్‌పోర్టులు కారులో పెట్టి గోల్డెన్ గేట్ చూడ్డానికి వెళ్ళేవాళ్ళని ఇప్పటికీ చూస్తుంటాను. దయచేసి వద్దు.

అద్దె ఏటా ఎంత పెంచొచ్చు?

బిల్డింగ్ 1979 జూన్ 13కి ముందు కట్టినదైతే చాలావరకు రెంట్ కంట్రోల్ కిందికి వస్తుంది. 2025 మార్చితో మొదలైన ఏడాదికి 1.4 శాతం మించి పెంచకూడదని ఉండేది. కొత్త టవర్లలో ఈ రక్షణ ఉండదు, అందుకే మొదటి ఏడాది "రెండు నెలలు ఫ్రీ" అని ఊరించి రెండో ఏడాది గుండె గుభేల్మనిపిస్తారు. లీజు మీద సంతకం పెట్టేముందు బిల్డింగ్ ఏ సంవత్సరానిదో కనుక్కోండి. ఇంకోటి, 2024 జూలై నుంచి కాలిఫోర్నియాలో డిపాజిట్‌గా చాలావరకు ఒక నెల అద్దె కన్నా ఎక్కువ అడగకూడదు.

వీధి ఊడ్చే రోజు కారుకి పడే జరిమానా టికెట్, మూడు చెత్త డబ్బాలు, వీటి గురించి?

బోర్డు చదవండి, ఫోన్‌లో అలారం పెట్టుకోండి, అంతకుమించి మార్గం లేదు. చెత్తకి ఆకుపచ్చ డబ్బాలో అన్నం, కూరగాయల తొక్కలు, నీలం డబ్బాలో కాగితం, సీసాలు, నల్లదాంట్లో మిగతావి. 2009 నుంచి ఇలా వేరు చేయడం తప్పనిసరి. కరివేపాకు, మునక్కాడ పిప్పి, కాఫీ పొడి అన్నీ ఆకుపచ్చలోకే. పేవ్‌మెంట్ మీద పరుపు పడేసినా, వీధి దీపం వెలగకపోయినా సిటీ ఫిర్యాదుల నంబరు 311కి చెప్పండి, ఫోటో తీసి యాప్‌లో పెడితే చాలు, బాగానే కదులుతారు.

తెలుగు భోజనం ఊళ్ళో ఎక్కడ దొరుకుతుంది?

గుంటూరు కారం, గోంగూర, ఉలవచారు కావాలంటే దక్షిణానికి వెళ్ళండి. సన్నీవేల్‌లో ఎల్ కామినో రియల్ పొడవునా, ఫ్రీమాంట్‌లోనూ మనవాళ్ళ హోటళ్ళకి కొదవలేదు. 2024 సెప్టెంబరు నుంచి కాల్‌ట్రెయిన్ కరెంటు మీద నడుస్తోంది, ఫోర్త్ అండ్ కింగ్‌లో ఎక్కితే సన్నీవేల్‌కి కారు లేకుండానే వెళ్ళిపోవచ్చు. నా మాట వింటే నెలకోసారి అటు వెళ్ళండి, మిగతా రోజులు ఈ ఊరి తిండి తినండి. ఇంత మంచి తిండి ఉన్న ఊళ్ళో ఉంటూ డెలివరీ యాప్‌లో చల్లారిన బిర్యానీ తెప్పించుకోవడం నాకు అస్సలు మింగుడుపడదు.

సరే, ఏం తినమంటారు? ఇంట్లో శాకాహారులు కూడా ఉన్నారు.

మొదట క్లెమెంట్ స్ట్రీట్‌కి వెళ్ళి బర్మా తిండి తినండి. బర్మా సూపర్‌స్టార్ పేరు అందరికీ తెలిసిందే, క్యూ ఉంటుంది, చుట్టుపక్కల ఇంకా ఉన్నాయి. టీ ఆకుల సలాడ్ తెప్పించుకోండి. పళ్ళెం మధ్యలో ఊరబెట్టిన తేయాకు ముద్ద, దాని చుట్టూ వేయించిన వెల్లుల్లి, పల్లీలు, నువ్వులు, వేయించిన పప్పులు, టమాటా ముక్కలు, దేనికది కుప్పలుగా పెట్టి తెస్తారు. బల్ల దగ్గరే నిమ్మకాయ పిండి, రెండు చెంచాలతో కింది నుంచి పైకి తిరగేసి కలుపుతారు. మన ముంత కింద పప్పు కలిపే చేతుల్ని చూస్తున్నట్టే ఉంటుంది. వగరు, పులుపు, కారం, కరకర, అన్నీ ఒక్క ముద్దలో. ఎండు రొయ్యలు, చేప సాస్ లేకుండా చేయమని ముందే అడగండి, చేసిస్తారు. సమూసా సూప్ కూడా తినండి, పప్పు చారులో సమోసా ముక్కలు వేసినది. ఇవి మనకి ఇంత దగ్గరగా అనిపించడానికి కారణం ఉంది, కోరంగి, కాకినాడ, విశాఖ రేవుల నుంచి మన పెద్దలు తరతరాలుగా రంగూన్ వెళ్ళి బియ్యం మిల్లుల్లో, రేవుల్లో పనిచేశారు. ఉత్తరాంధ్రలో, గోదావరి జిల్లాల్లో ఆ జ్ఞాపకం ఉన్న ఇళ్ళు ఇంకా ఉన్నాయి.

తర్వాత మిషన్ ప్రాంతంలో బురిటో, మెక్సికన్ రొట్టె చుట్ట. ఎల్ ఫరోలీటోలో అన్నం, బీన్స్ దట్టించి చేతికి బరువుగా ఇస్తారు, లా టకెరియాలో అన్నం వేయరు, పెనం మీద పైపొర కరకరలాడేలా కాల్చమంటే కాలుస్తారు. ఏది గొప్పదన్న వాదన ఈ ఊళ్ళో ఎప్పటికీ తెగదు, నేను లా టకెరియా పక్షం. శాకాహారులు ఎక్కడైనా ఒకటి అడగాలి, బీన్స్‌లో పంది కొవ్వు వేస్తారా అని. రుబ్బకుండా గింజలుగా ఉన్న బీన్స్ తీసుకుంటే సాధారణంగా గొడవ ఉండదు, రుబ్బి వేయించినవాటి దగ్గరే జాగ్రత్త.

మాంసం తినేవాళ్ళకి అర్వింగ్ స్ట్రీట్ మీద శాన్ టుంగ్‌లో వేయించిన కోడి రెక్కలు, లార్కిన్ స్ట్రీట్ మీద సైగాన్ శాండ్‌విచ్‌లో బాన్ మీ అనే వియత్నాం శాండ్‌విచ్. పోక్ స్ట్రీట్ మీద స్వాన్ ఆయిస్టర్ డిపో 1912 నుంచి ఉంది, పాలరాయి బల్ల ముందు కొన్ని స్టూళ్ళు, అంతే హోటల్. పీత తాజాగా చలికాలంలో దొరుకుతుంది, ఆ సీజన్ కోసం ఊరంతా ఎదురుచూస్తుంది. ఫిషర్‌మన్స్ వార్ఫ్‌లో రొట్టె గిన్నెలో సూప్ చుట్టాలొచ్చినప్పుడు ఒకసారి చాలు.

హోటల్ బిల్లులో ఈ అదనపు శాతం ఏంటి? దానిమీద టిప్ కూడానా?

అందరికీ కోపం తెప్పించే ప్రశ్న. 20 మంది, అంతకుమించి పనివాళ్ళున్న యజమాని వాళ్ళ వైద్యానికి డబ్బు పెట్టాలని 2008 నుంచి ఊళ్ళో చట్టం అమల్లో ఉంది. ఆ ఖర్చుని మెనూ ధరల్లో కలపకుండా చాలా హోటళ్ళు "ఎస్ఎఫ్ మాండేట్స్" అని బిల్లు అడుగున వేరేగా వేస్తాయి. 2024 జూలై నుంచి కాలిఫోర్నియాలో ఇలాంటి దాపుడు రుసుములు నిషేధించారు, కానీ ఆఖరి నిమిషంలో హోటళ్ళకి మినహాయింపు ఇచ్చారు, మెనూలో స్పష్టంగా రాస్తే వేసుకోవచ్చని. నా మటుకు నాకు ఇది తప్పు. ఇరవై డాలర్ల వంటకం ఇరవై రెండు అయితే ఇరవై రెండనే రాయండి, తినాలో వద్దో నేను తేల్చుకుంటాను.

8.625 శాతం సేల్స్ ట్యాక్స్ వేరు, టిప్ వేరు. కాలిఫోర్నియాలో టిప్ వస్తుందని జీతం తగ్గించడం కుదరదు, వడ్డించే మనిషికి కూడా ఊరి కనీస వేతనం ఇవ్వాల్సిందే, 2025 జూలైలో అది గంటకి 19.18 డాలర్లకి చేరింది. అయినా కూర్చుని తిన్నచోట 18 నుంచి 20 శాతం ఇవ్వండి, ఈ ఊళ్ళో ఆ జీతంతో ఒక గది కూడా అద్దెకి రాదు. ట్యాక్స్, అదనపు రుసుము వేయకముందు మొత్తం మీద లెక్కేయండి. కౌంటర్ దగ్గర కాఫీ తీసుకుంటే ఇవ్వకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు, స్క్రీన్ మీ వైపు తిప్పగానే బెదిరిపోకండి.

కొన్ని వీధుల్లో చైన్ హోటళ్ళు ఒక్కటి కూడా కనపడవు, ఎందుకు?

ఊరి చట్టం ఆపింది. ప్రపంచంలో ఎక్కడైనా 11 అంతకుమించి శాఖలున్న సంస్థని ఈ ఊరి చట్టం చైన్‌గా లెక్కిస్తుంది. నార్త్ బీచ్‌లో, హేస్ వ్యాలీలో అలాంటివాటికి చోటే లేదు. మిగతా చాలా వాణిజ్య వీధుల్లో ప్రత్యేక అనుమతి కావాలి, దానికి బహిరంగ విచారణ జరుగుతుంది, పక్కవీధి మనిషి వచ్చి "మాకొద్దు" అనొచ్చు. క్లెమెంట్ స్ట్రీట్ మీద ఆ చిన్న హోటళ్ళు నిలబడటానికి వాళ్ళ చేతి రుచి ఎంత కారణమో ఈ చట్టమూ అంతే కారణం. 30 ఏళ్ళు దాటిన పాత దుకాణాలకి 2015 నుంచి లెగసీ బిజినెస్ అని గుర్తింపు, కొంత సాయం కూడా ఉన్నాయి. ఇవన్నీ ఆ 11 మంది సూపర్‌వైజర్ల చేతుల మీదుగానో, బ్యాలెట్ మీది ప్రాపొజిషన్ల ద్వారానో వచ్చినవే. మీకిష్టమైన హోటల్ లీజు అయిపోయి మూతపడబోతోందని తెలిస్తే సోషల్ మీడియాలో ఏడుపు బొమ్మ పెట్టే ముందు మీ సూపర్‌వైజర్ ఆఫీసుకి ఒక మెయిల్ రాయండి.

నా సూపర్‌వైజర్ ఎవరో ఎలా తెలుస్తుంది?

సిటీ వెబ్‌సైట్‌లో అడ్రస్ కొడితే డిస్ట్రిక్ట్ నంబరు వస్తుంది. 311కి ఫోన్ చేసినా చెప్తారు. ఒక్కో సూపర్‌వైజర్ దగ్గర ఇద్దరు ముగ్గురు సహాయకులుంటారు, నిజానికి మీ మెయిల్ చదివేది వాళ్ళే. చిన్నగా రాయండి, వీధి పేరు, సమస్య, ఏం కావాలి, ఫోటో ఉంటే ఫోటో. వారంలో జవాబు రాకపోతే ఫోన్ చేయండి. మీరు సిటిజన్ అయితే, ఎన్నికకి నెల ముందే బ్యాలెట్ ఇంటికి పోస్టులో వస్తుంది, దాంతోపాటు దిండంత లావు పుస్తకం కూడా. అందులో ప్రతి ప్రాపొజిషన్‌కీ ఎవరు అవునన్నారు, ఎవరు కాదన్నారు, ఎందుకు అన్నది ఉంటుంది, "పెయిడ్ ఆర్గ్యుమెంట్" కింద డబ్బు ఎవరు కట్టారో చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. ముందు ఆ చిన్న అక్షరాలు చదవండి.